పచ్చ టిక్కును నమ్మేముందు: షెల్ టెస్టులు రాసే మెయింటెయినర్లకు బహిరంగ లేఖ

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు నడుపుతున్న తెలుగు మెయింటెయినర్లకు, వాటికి టెస్టులు రాస్తున్న మిత్రులకు,

నమస్కారం.

మీ ప్రాజెక్టుల్లో చాలావాటికి టెస్టులు షెల్‌లోనే, అంటే టైపుచేసిన కమాండ్లను నడిపే ప్రోగ్రాము భాషలోనే, ఉన్నాయి. కమాండ్ లైన్ ప్రోగ్రాములకు అది సహజం కూడా. ప్రోగ్రామును నడపాలి, అది ఇచ్చిన అవుట్‌పుట్‌ను ఫైల్లోకి మళ్లించాలి, రావాల్సిన జవాబుతో పోల్చాలి. దీనికి పెద్ద ఫ్రేమ్‌వర్కులు అక్కర్లేదు. ఆ టెస్టులను మ్యాక్ మీద, ఫ్రీబీఎస్‌డీ అనే యూనిక్స్ తరహా వ్యవస్థ మీద, ఆల్పైన్ అనే చిన్న లినక్స్ కంటైనర్లో నడిపి, తేడా వస్తే మీకు బగ్గు పంపేవాళ్లలో నేనొకణ్ణి. జవాబు మాత్రం ఎక్కువసార్లు ఒకటే వస్తుంది: "మా దగ్గర పాసవుతోందండీ."

పాసవుతోందంటే నమ్ముతాను. నాకు దిగులు పుట్టించేది మీ దగ్గర పాసై నా దగ్గర ఫెయిలయ్యే టెస్టు కాదు. అది కనీసం గోల చేస్తుంది, ఎవరో ఒకరు సరిచేస్తారు. మీ దగ్గర పాసై, నా దగ్గర ఏమీ పరీక్షించకుండానే పాసయ్యే టెస్టు ఉంటుంది చూడండి, భయం దానితోనే.

ఉదాహరణకు, లాగ్ ఫైల్లో పాస్‌వర్డ్ కనబడకూడదు అనుకుందాం. టెస్టు రాసేవారు లాగ్‌లో ఆ నమూనా కోసం గ్రెప్ అనే వెతికే కమాండ్ నడుపుతారు, దొరక్కపోతే పాస్. నమూనా కాస్త చిక్కుగా ఉందని గ్రెప్‌కు పెర్ల్ తరహా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల ఫ్లాగు, అంటే పెద్ద పీ, ఇస్తారు. ముందొక ఆశ్చర్యార్థకం పెట్టి ఫలితాన్ని తిరగేస్తారు. లినక్స్‌లో ఉండే గ్నూ గ్రెప్‌కు ఆ ఫ్లాగు తెలుసు. మ్యాక్‌తో వచ్చే గ్రెప్‌కు తెలీదు. అది ఎర్రర్ స్ట్రీములో ఏదో గొణిగి, ఎగ్జిట్ కోడ్ (పని ఎలా ముగిసిందో చెప్పే అంకె, సున్నా అంటే విజయం) 2తో బయటికొచ్చేస్తుంది. ఆశ్చర్యార్థకానికి 1 అయినా 2 అయినా ఒకటే. సున్నా కాదు కాబట్టి తిరగేస్తే విజయం. లాగ్ ఫైల్లోకి ఎవరూ తొంగి చూడలేదు, టెస్టు మాత్రం పచ్చగా పాసైంది. రేపు పాస్‌వర్డు నిజంగానే లాగ్‌లోకి జారినా అది అలాగే పచ్చగా ఉంటుంది.

నమూనా దొరికితే 0, దొరక్కపోతే 1, గ్రెప్‌కే ఏదైనా అడ్డం వస్తే 1 కన్నా పెద్ద అంకె ఇవ్వాలని యూనిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్ స్పష్టంగా చెబుతోంది. అంటే "లేదు" అనడానికీ, "నేను చూడలేకపోయాను" అనడానికీ తేడా ప్రమాణంలోనే ఉంది. దాన్ని చెరిపేస్తున్నది మనం పెట్టే ఆశ్చర్యార్థకం. ఎగ్జిట్ కోడ్ సరిగ్గా 1 అయితేనే పాస్ అనే చిన్న ఫంక్షన్ నాలుగు లైన్లలో రాసుకోవచ్చు.

ఇంకొకటి. రెండు ఫైళ్లు ఒకటేనా అని చూడటానికి ఎండీ5సమ్ కమాండ్‌తో రెండింటి చెక్‌సమ్ (ఫైల్లోని సరుకు నుంచి లెక్కకట్టే చిన్న గుర్తు) తీసి పోలుస్తారు. మ్యాక్‌లో చాలాకాలం ఆ పేరుతో కమాండే లేదు, అక్కడిది ఉత్త ఎండీ5. కమాండ్ దొరక్కపోతే కమాండ్ అవుట్‌పుట్‌ను పట్టి ఇచ్చే డాలర్ బ్రాకెట్లలోంచి వచ్చేది ఖాళీ స్ట్రింగ్. ఎడమవైపూ ఖాళీ, కుడివైపూ ఖాళీ. తక్కెడలో రెండు ఖాళీ పళ్లాలు ఎప్పుడూ సమంగానే తూగుతాయి కదా, టెస్టు పాస్. నిజానికి ఈ పనికి సీఎంపీ అనే కమాండ్ దశాబ్దాలుగా ప్రతి యూనిక్స్‌లోనూ ఉంది. చెక్‌సమ్‌ల జోలికి ఎందుకు వెళతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ప్రోగ్రాముకు గడువు పెట్టి నడిపే టైమవుట్ కమాండ్‌ది కూడా ఇదే కథ. "ఈ ప్రోగ్రాము తప్పుడు ఇన్‌పుట్ ఇస్తే ఫెయిలవ్వాలి, ఐదు సెకన్లలో ఫెయిలవ్వాలి" అని రాస్తారు. విడిగా గ్నూ పనిముట్లు వేసుకోని మ్యాక్‌లో టైమవుట్ ఉండదు. షెల్ 127 ఇస్తుంది, అంటే కమాండ్ దొరకలేదని. అనుకున్నట్టే ఫెయిలైంది కాబట్టి పాస్! విండోస్ మీద గిట్ బ్యాష్‌లో ఎల్ఎన్ మైనస్ ఎస్ చేస్తే మామూలుగా సిమ్‌లింక్ (ఇంకో ఫైలును చూపించే లింకు) పుట్టదు, చడీచప్పుడు లేకుండా కాపీ తయారవుతుంది. లింకు ద్వారా ఫైలు చదవగలిగామా అని చూసే టెస్టు అక్కడ కూడా నవ్వుతూ పాసవుతుంది, లింకే లేకపోయినా.

పైపుల సంగతి మీకు తెలిసిందే, అయినా అందరూ చేసేదే. మీ ప్రోగ్రాము అవుట్‌పుట్‌ను నేరుగా సార్ట్‌లోకి పంపితే, పైపు మొత్తానికి ఎగ్జిట్ కోడ్ సార్ట్‌దే. మీ ప్రోగ్రాము సెగ్‌ఫాల్ట్ అయి పడిపోయినా సార్ట్ 0 ఇస్తుంది. పైపులో ఏ కమాండ్ ఫెయిలైనా చెప్పే పైప్‌ఫెయిల్ ఆప్షన్ పోసిక్స్‌లోకి వచ్చింది 2024 సంచికలోనే. ప్రమాణంలోకి వచ్చినంత మాత్రాన మీ వాడుకరుల యంత్రాల్లో ఉన్న పాత షెల్‌లకు అది అబ్బదు. ముందు అవుట్‌పుట్‌ను ఫైల్లోకి తీసుకుని, కోడ్ చూసుకుని, ఆ తర్వాత సార్ట్ చేయడం ఒక లైను ఎక్కువ పని. ఆ లైను రాయండి.

గోల చేసే ఫెయిళ్ల గురించి ఎక్కువ చెప్పను. ఫైలును అక్కడికక్కడే మార్చే సెడ్ మైనస్ ఐ తర్వాత బ్యాకప్ పేరు ఇవ్వకపోయినా గ్నూ సెడ్ ఊరుకుంటుంది. మ్యాక్, ఫ్రీబీఎస్‌డీ సెడ్‌లు తర్వాతి మాటనే బ్యాకప్ పేరుగా మింగేస్తాయి. డేట్ మైనస్ డీ గ్నూది, మ్యాక్, ఫ్రీబీఎస్‌డీల్లో దానికి మైనస్ వీ. స్టాట్‌కు గ్నూలో మైనస్ సీ, ఆ రెండింటిలో మైనస్ ఎఫ్. డబ్ల్యూసీ మైనస్ ఎల్ మ్యాక్‌లో అంకెకు ముందు ఖాళీలు పెడుతుంది కాబట్టి దాన్ని స్ట్రింగుగా పోలిస్తే "       3", "3" ఒకటి కావు. మ్యాక్‌లో /టెంప్ అనేది /ప్రైవేట్/టెంప్‌కు లింకు మాత్రమే, అందుకని పాత్‌లు పోల్చే టెస్టులు తడబడతాయి. ఇవన్నీ ఒక్కసారి తగిలితే బుర్రలో ఉండిపోతాయి.

మాటలను తెరమీద అచ్చువేసే ఎకో మాత్రం అలా కాదు, దాని దగ్గర కాసేపు ఆగాలి. మ్యాక్‌లో /బిన్/బ్యాష్ అనే షెల్‌తో నడిపే స్క్రిప్టులో ఎకో మైనస్ ఎన్ అంటే కొత్త లైను రాకుండా అచ్చవుతుంది. అదే స్క్రిప్టును /బిన్/ఎస్‌హెచ్‌తో నడిపితే "మైనస్ ఎన్" అనే అక్షరాలే తెరమీద కనబడతాయి. రెండు పేర్ల వెనకా ఉన్నది ఒకటే బ్యాష్ 3.2, పిలిచిన పేరును బట్టి తీరు మార్చుకుంటుంది. ఇక డెబియన్, ఉబుంటుల్లో /బిన్/ఎస్‌హెచ్ అంటే డాష్ అనే చిన్న షెల్. ఉబుంటు 2006లో 6.10 నుంచి, డెబియన్ 2011లో స్క్వీజ్ నుంచి దానికి మారాయి. డాష్‌కు మైనస్ ఎన్ అర్థమవుతుంది గానీ, స్ట్రింగులో బ్యాక్‌స్లాష్ పక్కన ఎన్ కనబడితే అడక్కుండానే కొత్త లైను వేస్తుంది. విండోస్ పాత్‌లు అచ్చువేసే టెస్టులు అక్కడ రెండు ముక్కలవుతాయి. ఈ తేడాలేవీ బగ్గులు కావు. ఎకో ఇలాంటి చోట్ల ఎలా ప్రవర్తించాలో పోసిక్స్ అమలుచేసేవారికే వదిలేసింది. ప్రింట్ఎఫ్ వాడితే ఈ గొడవ మొత్తం తప్పుతుంది. టెస్టుల్లో ఎకోను పూర్తిగా మానేయమని అడిగితే నన్ను ఛాందసుడంటారేమో, అయినా అడుగుతున్నాను.

"మేం బ్యాష్ అనే చెప్పాం కదా, పోసిక్స్‌తో పనేంటి" అని కొందరంటారు. అదీ న్యాయమైన మాటే, కానీ ఏ బ్యాష్? ఆపిల్ ఇప్పటికీ ఇచ్చేది 3.2. బ్యాష్ 4 లైసెన్సు జీపీఎల్ మూడో వెర్షన్‌కు మారాక ఆపిల్ అక్కడే ఆగిపోయింది, 2019లో కాటలీనాతో వాడుకరుల డిఫాల్ట్ షెల్‌ను జెడ్‌షెల్ చేసింది. పేరుతో విలువను దాచుకునే అసోసియేటివ్ అర్రేలు 2009లో బ్యాష్ 4తో వచ్చాయి, కాబట్టి మ్యాక్‌తో వచ్చే బ్యాష్‌లో అవి లేవు. విలువ ఇవ్వని వేరియబుల్ వాడితే ఆపేసే సెట్ మైనస్ యూ పెట్టి ఖాళీ అర్రేను విప్పితే 4.4 కన్నా పాత బ్యాష్ "అన్‌బౌండ్ వేరియబుల్" అని చచ్చిపోతుంది. ఫ్రీబీఎస్‌డీలో బ్యాష్ విడిగా వేసుకుంటే అది /యూఎస్‌ఆర్/లోకల్/బిన్‌లో కూర్చుంటుంది, కాబట్టి మొదటి లైనులో /బిన్/బ్యాష్ అని రాసిన స్క్రిప్టు అక్కడ మొదలే కాదు. బ్యాష్ కావాలంటే హాయిగా వాడండి. కాకపోతే ఎన్నో వెర్షను నుంచి కావాలో చెప్పండి, టెస్టు మొదట్లోనే చూసుకుని, లేకపోతే మర్యాదగా చెప్పి ఆగండి.

ఇప్పుడు మనవాళ్లకే తగిలే విషయం. మీలో కొందరు తెలుగు పాఠంతో పనిచేసే ప్రోగ్రాములు రాస్తున్నారు. "తెలుగు" అనే మాట పొడవెంత అని షెల్‌ను అడిగి చూడండి. యూటీఎఫ్-8 లొకేల్‌లో (లొకేల్ అంటే భాష, అక్షరాల పద్ధతి చెప్పే సెట్టింగు) బ్యాష్ 6 అంటుంది: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. ఇన్నాళ్లుగా డిస్ట్రోల్లో ఉన్న డాష్ బైట్లు లెక్కపెట్టి 18 అంటుంది. మన కంటికి కనబడేవి మూడక్షరాలు, ఆ అంకె ఇద్దరూ చెప్పరు. కట్ మైనస్ సీతో మొదటి రెండు అక్షరాలు తీయమంటే చాలా ఏళ్లుగా వాడుకలో ఉన్న గ్నూ కట్ రెండు బైట్లు ఇస్తుంది, అంటే 'త'లో మూడింట రెండు వంతులు. మ్యాక్ కట్ లొకేల్ చూసుకుని రెండు కోడ్ పాయింట్లు, అంటే యూనికోడ్ లెక్కలో రెండు గుర్తులు, ఇస్తుంది. ఇంగ్లీషుతో మాత్రమే టెస్టులు రాసిన వారికి ఈ తేడా జన్మలో కనబడదు.

"హైదరాబాద్" అని ఒక ఫైలు సృష్టించే టెస్టు ఇంకా తమాషా. ఐత్వానికి యూనికోడ్‌లో ఒకే కోడ్ పాయింటు ఉంది, అది ఎత్వంగానూ కింది ఐత్వపు గుర్తుగానూ విడిపోవచ్చు కూడా. తెలుగు బ్లాకులో ఇలా విడిపోయేది ఇదొక్కటే (కన్నడంలో ఇలాంటివి ఐదు, పాపం). మ్యాక్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పేర్లను విడగొట్టి దాచుకునేది. మీరు 'హై'ని ఒక రూపంలో రాస్తే ఎల్ఎస్ ఇంకో రూపంలో చూపిస్తుంది, రెండూ తెరమీద ఒకేలా ఉంటాయి, డిఫ్ మాత్రం తేడా ఉందంటుంది. దాని స్థానంలో ఏపీఎఫ్ఎస్ వచ్చాక మీరు రాసిన రూపమే ఉంటుంది గానీ, పేరు వెతికేటప్పుడు రెండు రూపాలనూ ఒకటిగానే చూస్తుంది. రెండు రూపాల్లో రెండు ఫైళ్లు సృష్టించండి: లినక్స్‌లో రెండుంటాయి, మ్యాక్‌లో ఒకటే. పెద్ద అక్షరాల, చిన్న అక్షరాల గొడవ మన లిపిలో లేదని సంతోషించే లోపు మనకంటూ ఇదొకటి.

దీనికి లొకేల్ చిక్కు తోడవుతుంది. సార్ట్ వరస యంత్రానికో తీరుగా రాకుండా లొకేల్‌ను నిర్ణయించే ఎల్‌సీ-ఆల్‌ను సీ అని పెట్టమని అందరూ చెబుతారు, నేనూ చెబుతాను. కానీ స్క్రిప్టు మొత్తానికి అలా పెడితే బ్యాష్ కూడా తెలుగును 18 అని లెక్కపెడుతుంది. సీ డాట్ యూటీఎఫ్-8 అనే లొకేల్ గ్నూ లిబ్‌సీ మూల ప్రాజెక్టులోకి వచ్చింది 2022లోనే, పాత యంత్రాల్లో ఉంటుందన్న భరోసా లేదు. అందుకని సార్ట్‌కు మాత్రమే, ఆ ఒక్క లైనులో, సీ పెట్టండి. తెలుగు టెస్టుల ముందు యూటీఎఫ్-8 లొకేల్ ఏదైనా ఉందా అని చూడండి. లేకపోతే ఆ టెస్టును వదిలేశామని, ఎందుకో చెప్పి వదిలేయండి.

గడియారం గురించి రెండు మాటలు. పోసిక్స్ పద్ధతిలో టైమ్‌జోన్ రాసేటప్పుడు గుర్తు తలకిందులు. మన సమయం ఐఎస్‌టీ మైనస్ 5:30. ప్లస్ అని రాసినవారి గడియారం మనకన్నా 11 గంటలు వెనక నడుస్తుంది. పోనీ ఏషియా/కోల్‌కతా అని రాద్దామంటే, ఆల్పైన్ మూల ఇమేజీలో టైమ్‌జోన్ డేటాయే ఉండదు, ఏ హెచ్చరికా లేకుండా యూటీసీ చూపిస్తుంది. చాలా టెస్టులకు యూటీసీ పెట్టడమే మంచిది. కానీ తేదీలతో పనిచేసే ప్రోగ్రామైతే ఒక్క టెస్టయినా ఐదున్నర గంటల మీద, వీలైతే నేపాల్ ఐదు ముప్పావు మీద నడపండి. ఆఫ్‌సెట్‌లో గంటలు మాత్రమే చదివి నిమిషాలు వదిలేసే బగ్గు యూటీసీలో ఎన్నేళ్లు నడిపినా బయటపడదు. ఆ బగ్గును పట్టుకోవడానికి మనకన్నా అర్హులెవరు?

"ఇంత బాధెందుకు, డాకర్‌లో నడుపుకోండి" అన్నది నాకు తరచూ దొరికే సలహా. డాకర్ కంటైనర్లను నడిపే పనిముట్టు. మ్యాక్ మీద అది నడిపేది ఒక లినక్స్ వర్చువల్ మెషీన్‌ను. అందులో పాసైతే లినక్స్‌లో ఇంకోసారి పాసైనట్టు, మ్యాక్ గురించి ఏమీ తెలిసినట్టు కాదు. పైగా కంటైనర్లో మనం సాధారణంగా రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న వాడుకరిగా, ఉంటాం. చదివే అనుమతి తీసేసిన ఫైలును ప్రోగ్రాము చదవలేకపోవాలి అని రాసిన టెస్టు అక్కడ ఫెయిలవుతుంది, ఎందుకంటే రూట్‌కు అనుమతులు అడ్డురావు.

అలాగని అన్ని యంత్రాల మీదా అన్ని టెస్టులూ పాసవ్వాలని నేను అడగడం లేదు. ప్రోగ్రాములను రకరకాల యంత్రాలకు సిద్ధంచేసే ఆటోకాన్ఫ్ మాన్యువల్లో పోర్టబుల్ షెల్ మీద ఒక పెద్ద అధ్యాయమే ఉంది, చదివితే జ్ఞానమూ వస్తుంది, వైరాగ్యమూ వస్తుంది. సోలారిస్ 10 /బిన్/ఎస్‌హెచ్‌కు డాలర్ బ్రాకెట్లే తెలియవు. దానికోసం ఈరోజు కొత్త ప్రాజెక్టు తన కోడును వంకర తిప్పుకోనక్కర్లేదు. మీరు ఎక్కడి దాకా దిగుతారో మీరే తేల్చుకోండి. "లినక్స్, గ్నూ పనిముట్లు మాత్రమే" అన్నా నాకు సమ్మతమే. రీడ్‌మీలో ఒక లైనుగా అది ఉంటే నేను బగ్గు పంపడం మానేస్తాను. ఏమీ చెప్పకుండా, అన్నిచోట్లా నడుస్తుందన్న భ్రమ కల్పించడమే కుదరదు.

ఈ పనిని పద్ధతిగా చేస్తున్నవాళ్లను చూడాలంటే గిట్ సోర్సులో టీ అనే డైరెక్టరీ తెరవండి. ఆ షెల్ టెస్టుల లైబ్రరీ 2005లో గిట్ మెయింటెయినర్ జూనియో హమానో మొదలుపెట్టింది. అక్కడ టెస్టు తనకేం కావాలో ముందే చెబుతుంది: నాకు సిమ్‌లింకులు కావాలి, నాకు పోసిక్స్ అనుమతులు కావాలి, నన్ను రూట్‌గా నడపొద్దు. ఆ సదుపాయం లేని యంత్రంలో ఆ టెస్టు పాసూ కాదు, ఫెయిలూ కాదు, స్కిప్ అవుతుంది, కారణంతో సహా. ప్రోగ్రాము ఫెయిలవ్వాల్సిన చోట వాడే ఫంక్షన్ 127 వచ్చినా, సిగ్నల్‌తో చచ్చినా దాన్ని సరైన ఫెయిల్యూరుగా ఒప్పుకోదు. పైన చెప్పిన టైమవుట్ లాంటి మాయ అక్కడ సాగదు. లైన్లు లెక్కపెట్టడానికి డబ్ల్యూసీ ఖాళీలను పట్టించుకోని ఫంక్షన్ ఒకటుంది. ఎకో మైనస్ ఎన్, సెడ్ మైనస్ ఐ లాంటివి ఎవరైనా రాస్తే పట్టుకునే చిన్న పెర్ల్ స్క్రిప్టు కూడా ఉంది. అన్నీ బాగున్నాయని కాదు. విండోస్ మీద ప్రాసెస్ పుట్టించడం ఖరీదు, వేల షెల్ టెస్టులు అక్కడ నత్తనడక నడుస్తాయి. కొన్ని టెస్టులను వాళ్లు సీలోకి మారుస్తున్నారు కూడా. జేసన్ చీల్చడం, తేదీల లెక్కలు లాంటివి టెస్టులో దూరాయంటే మీరు కూడా ఆ టెస్టును పైథాన్‌కు అప్పగించేయండి, షెల్ మీద పంతం వద్దు.

ఖర్చు సంగతి. ప్రైవేట్ రిపాజిటరీలకు సీఐలో (మార్పు వచ్చినప్పుడల్లా టెస్టులను తనంతట తానే నడిపే సేవ) మ్యాక్ నిమిషాలు లినక్స్ కన్నా బాగా ఖరీదు, తెలుసు. కానీ సగం జబ్బులు పట్టుకోవడానికి మ్యాక్ అక్కర్లేదు. అవే టెస్టులను ఉబుంటులో డాష్‌తో ఒకసారి, ఆల్పైన్‌లో ఉండే చిన్న కమాండ్ల మూట బిజీబాక్స్‌తో ఒకసారి నడపండి. మీ ల్యాప్‌టాప్ చాలు. కంటైనర్లో రూట్ కాని వాడుకరిగా నడపడం మరచిపోకండి. షెల్‌చెక్ అనే ప్రోగ్రాము మొదటి లైనులో ఎస్‌హెచ్ అని ఉన్న స్క్రిప్టులో బ్యాష్ ప్రత్యేకాలు కనబడితే వేలెత్తి చూపిస్తుంది. కానీ అది షెల్ భాషను చూస్తుంది, సెడ్‌కు ఇచ్చిన ఫ్లాగు మ్యాక్‌లో ఉందో లేదో దానికి పట్టదు. కాబట్టి విడుదలకు ముందు ఒక్కసారైనా అసలు మ్యాక్ మీద నడపాల్సిందే.

మన విద్యార్థుల కోసం ఒకటి అడగాలి. మీకు మొదటి ప్యాచ్ పంపాలనుకునే ఇంజనీరింగ్ పిల్లల్లో చాలామంది చేతిలో ఉండేది విండోస్ ల్యాప్‌టాప్. గిట్ ఫర్ విండోస్ డిఫాల్ట్‌గా లైన్ చివరలను విండోస్ పద్ధతికి మారుస్తుంది. ఆ ఫోల్డర్నే విండోస్ లోపల లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్‌లో తెరిచి టెస్టు నడిపితే, మొదటి లైను చివర కంటికి కనబడని ఒక అక్షరం చేరి, షెల్ పేరే తప్పయి, ఇంటర్‌ప్రెటర్ లేదంటుంది. ఫైలు ఎదురుగానే ఉంటుంది, పేరు సరిగ్గానే ఉంటుంది. ఆ అమ్మాయో అబ్బాయో తమకే ఏమీ రాదనుకుని వెళ్లిపోతారు. మీ రిపాజిటరీలో గిట్‌యాట్రిబ్యూట్స్ ఫైలు పెట్టి, షెల్ స్క్రిప్టులకూ, టెస్టు జవాబుల ఫైళ్లకూ లైను చివర యూనిక్స్ పద్ధతి ఎల్‌ఎఫ్‌గానే ఉండాలని రెండు లైన్లు రాయండి. ఇది ఈ లేఖలో అన్నిటికన్నా చిన్న పని, ఈ సాయంత్రమే చేయొచ్చు.

స్కిప్పులను దాచకండి. బిల్డ్ పనిముట్టు ఆటోమేక్‌లో ఎగ్జిట్ కోడ్ 77 అంటే స్కిప్ అని ఒప్పందం, టెస్టు ఫలితాలు రాసే ట్యాప్ పద్ధతిలోనూ దానికి చోటుంది. ఎన్ని టెస్టులు పాసయ్యాయో చెప్పే చివరి లైనులోనే ఎన్ని వదిలేశారో, ఏవి లేక వదిలేశారో కూడా రావాలి. వచ్చే విడుదల నోట్సులో "టెస్టులు డాష్, బిజీబాక్స్, మ్యాక్ షెల్ మీద నడిపాం, విండోస్‌లో సిమ్‌లింకు టెస్టులు వదిలేశాం" అని ఒక వాక్యం కనబడితే నాకు చాలు. ఆ వాక్యంలో రెండో సగం రాయడానికి మొహమాటపడకండి.

ఇట్లు,
మీ టెస్టులు నడుపుతూ బగ్గులు పంపే ఒక వాడుకరి